ఆవృత్తికి అక్షరరూపమిచ్చిన విదుషి ఆడా లవ్‌లేస్

విజ్ఞానశాస్త్ర చరిత్రలో యంత్రాలను నిర్మించి కీర్తి గడించినవారు కలరు. సూత్రాలను కనుగొని చిరస్మరణీయులైనవారూ కలరు. కాని ఇంకా నిర్మాణమే కాని యంత్రానికి పని నేర్పి, ఆ యంత్రం పూర్తిగా రూపు దాల్చకపోయినా తాము మాత్రం లోకం స్మృతిలో నిలిచిపోయినవారు బహు అరుదు. అట్టి అరుదైన వ్యక్తులలో అగ్రగణ్య ఇంగ్లండు దేశపు గణితవిదుషి ఆడా లవ్‌లేస్. ముప్పదియారేండ్లు మాత్రమే జీవించిన ఈమె 1843లో ప్రకటించిన ఒక పట్టిక నేటికీ కంప్యూటర్ విద్యార్థులకు పాఠమై నిలిచియున్నది.

వెబ్ పుటలను తయారుచేసే ప్రోగ్రామింగ్‌ను అభ్యసించే విద్యార్థులకు తొలిదశలోనే ఎదురుపడే అంశం ఒకటున్నది. అర్రే అనబడే వరుస గడుల పట్టికలోని విలువలను, లూప్ అనబడే ఆవృత్తి సాయంతో ఒక్కొక్కటిగా తీసి పని జరిపించడమే ఆ అంశం. చాలమంది దానిని కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కుతారు. గుర్తులలో ఒక్కటి తారుమారైతే మాత్రం కారణం తెలియక తికమకపడతారు. ఈ కిటుకు బోధపడవలెనంటే, దానిని మొట్టమొదట అచ్చులో వివరించిన వ్యక్తి ఎట్లు ఆలోచించినదో తెలిసికొనడం మంచి మార్గమని మేము భావించినాము. అందుచేత ఆమె జీవితాన్ని, ఆ జీవితంలోని ఆ ఒక్క పట్టికను ఈ వ్యాసంలో పరిచయం చేయదలచినాము.

ఆడా 1815 డిసెంబరు 10న లండన్ నగరంలో జన్మించింది. తండ్రి ఆంగ్ల సాహిత్యంలో మహాకవిగా ప్రసిద్ధుడైన లార్డ్ బైరన్. తల్లి ఆనాబెల్లా మిల్‌బాంక్ గణితంపై మక్కువ గల విద్యావతి. ఆ దంపతుల కాపురం ఏడాదికే చెదిరిపోయింది. పసికందు వయస్సు ఇంకా నెల దాటి కొద్దిరోజులే అయినప్పుడు, 1816 జనవరిలో, తల్లి బిడ్డను తీసికొని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో బైరన్ స్వదేశాన్ని విడిచినాడు. మరల తిరిగి రాలేదు. గ్రీసు దేశ స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొనబోయి 1824లో అక్కడే మరణించాడు. అప్పటికి ఆడాకు ఎనిమిదేండ్లు. తండ్రి ముఖం ఎరుగకుండానే ఆమె పెరిగింది.

తండ్రి ఆవేశస్వభావం కూతురికి సంక్రమించునేమోనన్న భయం తల్లిని వీడలేదు. ఆ భయానికి విరుగుడుగా ఆమె గణితాన్ని ఎంచుకొన్నది. ఇంటివద్దనే ఉపాధ్యాయులను నియమించి చిన్ననాటి నుండి లెక్కలు, తర్కం నేర్పించింది. అయినను బాలిక ఊహాశక్తి అణగిపోలేదు. గణితంతో కలిసి మరింత పదునెక్కింది. పండ్రెండేండ్ల వయస్సులో ఆమె పక్షుల దేహనిర్మాణాన్ని పరిశీలించి, రెక్కల పొడవుకు శరీరపు బరువుకు గల నిష్పత్తిని ఆలోచించి, ఎగిరే యంత్రానికి నమూనా గీయ ప్రయత్నించింది. 1829లో తట్టు జబ్బు సోకి ఆమె కాళ్ళు చచ్చుబడినాయి. దీర్ఘకాలం మంచానికి అంటిపెట్టుకొని, అటుపిమ్మట ఊతకర్రల సాయంతో మెల్లగా నడక నేర్చుకొన్నది. ఆ దినాలలో కూడ చదువు మానలేదు.

ఆ కాలంలో ఇంగ్లండు విశ్వవిద్యాలయాలలో స్త్రీలకు ప్రవేశం లేదు. ఉన్నత గణితం నేర్వదలచిన యువతికి గురువుల ఇండ్లు, ఉత్తరాలు మాత్రమే శరణ్యం. ప్రసిద్ధ శాస్త్రవేత్రి మేరీ సోమర్‌విల్ ఆడాకు స్నేహితురాలు, మార్గదర్శి అయింది. 1840 నుండి లండన్ యూనివర్సిటీ కాలేజీ గణితాచార్యుడు ఆగస్టస్ డి మోర్గాన్ ఉత్తరాల ద్వారా ఆమెకు కలనగణితం బోధించాడు. ఈ డి మోర్గాన్ 1806లో మన దక్షిణాదిలోని మధురలో జన్మించినవాడు. ఢిల్లీ కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో విజ్ఞానశాస్త్రాలు బోధించిన మాస్టర్ రామచంద్ర గణితగ్రంథాన్ని 1859లో లండన్‌లో పునర్ముద్రింపజేసినవాడు కూడ ఈయనే. ప్రతిభ ఎక్కడ ఉన్నా గుర్తింపగల ఈ ఆచార్యుడు సైతం, ఇంతటి గణితశ్రమ స్త్రీ శరీరం తట్టుకొనలేదేమోనని ఆడా తల్లికి వ్రాసిన లేఖలో సందేహం వెలిబుచ్చాడు. అదే లేఖలో ఆమె శక్తి సామాన్య విద్యార్థుల శక్తికి మించినదని కూడ అంగీకరించాడు. అది ఆ కాలపు గాలి. ఆ గాలికి ఎదురుగానే ఆమె నడవవలసి వచ్చింది.

ఆమె జీవితాన్ని మలుపు త్రిప్పిన పరిచయం 1833 జూన్ మాసంలో జరిగింది. పదునేడేండ్ల ఆడా లండన్‌లోని ఒక విందులో చార్లెస్ బాబేజిని కలుసుకొన్నది. ఆ రోజుల్లో నావికులు, ఇంజనీర్లు, ఖగోళశాస్త్రజ్ఞులు అచ్చుపట్టికలలోని సంఖ్యలపై ఆధారపడి లెక్కలు వేసేవారు. ఆ పట్టికలను మనుష్యులు చేతితో గణించేవారు కనుక వాటిలో తప్పులు దొర్లేవి. పట్టికలోని తప్పు సముద్రంలో ఓడకు ముప్పు తేగలదు. ఈ దురవస్థను తొలగించుటకై బాబేజి డిఫరెన్స్ ఇంజన్ అనే పండ్లచక్రాల గణనయంత్రాన్ని తలపెట్టాడు. దానిలో పూర్తయిన కొంత భాగాన్ని ఆయన ఇంటిలో చూచినప్పుడు తక్కినవారు వింత వస్తువును చూచినట్లు చూడగా, ఆడా దాని పనితీరును గ్రహించింది. నాటి నుండి వారి మైత్రి ఆమె మరణం వరకు సాగింది.

1835లో ఆమెకు విలియం కింగ్‌తో వివాహమైంది. 1838లో భర్తకు లవ్‌లేస్ ప్రభువు అనే బిరుదు లభించడంతో ఆమె లవ్‌లేస్ ప్రభ్విగా ప్రసిద్ధి కెక్కింది. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఆ కుమార్తె ఆన్ తరువాతి కాలంలో అరేబియా యాత్రల వల్లను, అరబ్బీ గుఱ్ఱాల పెంపకం వల్లను పేరొందింది. భర్త విల్‌ఫ్రిడ్ బ్లంట్‌తో కలిసి 1883-84లో భారతదేశ యాత్ర చేస్తూ హైదరాబాదును దర్శించింది. సంసార బాధ్యతలు, అనారోగ్యం ఒకవంక వెనుకకు లాగుతున్నా, ఆడా గణితాధ్యయనం మరల అందుకొన్నది.

ఇంతలో బాబేజి దృష్టి మరింత గొప్ప యంత్రం మీదికి మళ్ళింది. డిఫరెన్స్ ఇంజన్ ఒకే తీరు లెక్క మాత్రమే చేయగలదు. 1834 నుండి ఆయన ఊహించిన అనలిటికల్ ఇంజన్ ఏ లెక్క చెప్పిన ఆ లెక్క చేయవలసిన యంత్రం. దానిలో రెండు ప్రధాన భాగాలు. ఒకటి సంఖ్యలను దాచియుంచే గాదె వంటిది. రెండవది ఆ సంఖ్యలను తెప్పించుకొని కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం జరిపే మర వంటిది. గాదెలో ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క చక్రాల స్తంభం. ప్రతి స్తంభానికి ఒక వరుస సంఖ్య. ఏ స్తంభం నుండి తీయాలి, ఏమి చేయాలి, ఫలితాన్ని ఏ స్తంభంలో పెట్టాలి అన్న ఆజ్ఞలు చిల్లులు పొడిచిన అట్టల ద్వారా యంత్రానికి అందుతాయి.

ఈ అట్టల ఆలోచన నేతమగ్గం నుండి వచ్చింది. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతంలో రూపొందించిన సాధనంలో, అట్టలోని చిల్లులను బట్టి పడుగు దారాలలో కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. ఆ ప్రకారం పేక సాగి బుటా ఏర్పడుతుంది. మన ధర్మవరం పట్టుచీరల నేతలో జకార్డు సాధనాన్ని చూచినవారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర లేదు. జకార్డు ముఖచిత్రాన్ని పట్టుతో నేయుటకు ఇరువదినాలుగు వేల అట్టలు పట్టినవని ఆడా తన రచనలో ప్రస్తావించింది. అట్టలు ఆకులను పూవులను నేసినట్లే ఈ యంత్రం బీజగణిత రూపాలను నేస్తుందన్న ఊహ ఆమెదే.

1840లో బాబేజి ఇటలీ దేశపు ట్యూరిన్ నగరంలో తన యంత్రాన్ని గూర్చి ప్రసంగించాడు. ఆ ప్రసంగాలు విన్న యువ ఇంజనీరు లుయిజీ మెనబ్రియా 1842లో ఫ్రెంచి భాషలో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయనే తరువాతి కాలంలో ఇటలీ ప్రధానమంత్రి అయినాడు. ఆడా ఆ వ్యాసాన్ని ఆంగ్లంలోనికి అనువదించింది. ఇంతగా తెలిసిన విషయంపై స్వంతంగానే వ్రాయరాదా అని బాబేజి ప్రోత్సహించగా, అనువాదానికి అనుబంధంగా ఏడు వివరణలు చేర్చింది. అవి మూలవ్యాసానికి దాదాపు మూడింతలైనాయి. 1843లో టేలర్ సంపాదకత్వాన వెలువడే సైంటిఫిక్ మెమోయిర్స్ సంపుటంలో అచ్చయినప్పుడు, వాటి క్రింద పూర్తి పేరు లేదు, ఏ.ఏ.ఎల్. అనే మూడు పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి.

ఆ వివరణలలో మనకు ప్రధానమైనది ఆవృత్తి. ఒకే పనిని నూరుసార్లు చేయించవలెనంటే నూరుసార్లు అట్టలు గ్రుచ్చవలెనా? అట్లయితే చేతిలెక్కకు యంత్రపులెక్కకు భేదమేమి? అట్టల దండను వెనుకకు త్రిప్పి, వాడిన అట్టలనే మరల మరల వాడుకొనే ఏర్పాటు బాబేజి యంత్రంలో ఉన్నది. ఆడా ఆ ఏర్పాటులోని శక్తిని గుర్తించి, కొన్ని క్రియల సమూహం మరల మరల జరగడాన్ని చక్రం అని వ్యవహరించి, చక్రంలో చక్రం ఉండవచ్చునని కూడ వివరించింది. నేటి ప్రోగ్రాములలో లూప్‌లోపల లూప్ అనబడేది ఇదే.

దీనికి ఉదాహరణగా ఆమె ఏడవ వివరణలో బెర్నూలీ సంఖ్యల లెక్కను ఎన్నుకొన్నది. స్విట్జర్లండు గణితవేత్త యాకోబ్ బెర్నూలీ పేరిట వెలసిన ఈ సంఖ్యలు ఆరవ వంతు, ఋణ ముప్పదవ వంతు, నలుబదిరెండవ వంతు, ఇట్లు సాగే భిన్నాలు. వీటి లక్షణమేమనగా, క్రొత్త సంఖ్యను కనుగొనవలెనంటే అంతకు ముందు కనుగొన్న వాటినన్నిటిని ఒక్కొక్కటిగా వరుసన తీసికొని లెక్కలో కలుపవలెను. అనగా వరుసగా దాచిన విలువల మీద ఆవృత్తి నడపక తప్పదు. ఆమె ఈ లెక్కను బుద్ధిపూర్వకంగానే ఎంచుకొన్నదని మా అభిప్రాయం.

ఆమె పట్టికలో 25 క్రియలు ఉన్నాయి. వాటిలో 13వ క్రియ నుండి 23వ క్రియ వరకు గల భాగం ఆవృత్తి చెందుతుంది. మొదటి బెర్నూలీ సంఖ్య 21వ స్తంభంలో, రెండవది 22లో, మూడవది 23లో ఉన్నాయి. నాలుగవదానిని కనుగొని 24లో పెట్టాలి. ఆవృత్తి మొదటిసారి నడిచినప్పుడు 21వ క్రియ 22వ స్తంభంలోని విలువను తీసికొంటుంది. రెండవసారి అదే క్రియ 23వ స్తంభానికి పోతుంది. చేసే పని అదే. తీసికొనే చోటు మాత్రం ఒక అడుగు ముందుకు జరిగింది. ఈ జరుగుబాటు ప్రతిసారి ఒకే నియమం ప్రకారం సాగుతున్నది కనుక దానిని అట్టలలోనే ఏర్పాటు చేయవచ్చునని ఆమె స్పష్టంగా వ్రాసింది. అర్రేలో లూప్ నడపడమంటే ఇంతకంటె వేరేమీ కాదు.

మరి ఎప్పుడు ఆగవలెను? దానికై ఆమె 10వ స్తంభాన్ని ప్రత్యేకించింది. నాలుగవ సంఖ్య లెక్కలో ఆ స్తంభం 3తో మొదలవుతుంది. ముందు సంఖ్య ఒకటి వాడినంతనే దానిలో ఒకటి తగ్గి 2 అవుతుంది. ఆవృత్తి ఒకసారి పూర్తికాగా 1, మరొకసారి పూర్తికాగా సున్న. సున్న వచ్చినదంటే ముందు సంఖ్యలన్నీ అయిపోయినవని అర్థం. ఆవృత్తి అక్కడితో చాలించి ఫలితాన్ని 24వ స్తంభానికి చేర్చాలి. ఎక్కడ మొదలు, ప్రతిసారి ఏమి మారును, ఎక్కడ ముగింపు అనే మూడు ప్రశ్నలకు ఆ పట్టికలో జవాబులున్నాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా లూప్ లూప్ కాదు.

ఇక మన విద్యార్థి నేర్చుకొనే జావాస్క్రిప్టు భాషకు వత్తము. అయిదుగురి మార్కులు 42, 67, 35, 80, 56 ఒక అర్రేలో ఉన్నాయనుకొందాము. హాజరుపట్టీలో వరుస నంబర్లు ఒకటితో మొదలైతే, ఈ అర్రేలో గడుల సంఖ్యలు సున్నతో మొదలవుతాయి. కనుక అయిదు గడుల సంఖ్యలు 0, 1, 2, 3, 4. ఫర్ అనే ఆజ్ఞ తరువాత కుండలీకరణాలలో మూడు మాటలు వ్రాస్తారు: ఐ అనే చలరాశి సున్నతో మొదలు; ఐ విలువ అర్రే పొడవు కంటె తక్కువగా ఉన్నంతవరకు కొనసాగు; ప్రతిసారి ఐకి ఒకటి చేర్చు. ఈ మూడూ ఆడా పట్టికలోని మూడు జవాబులే. మొత్తం అనే గడిలో మొదట సున్న ఉంచి ప్రతిసారి ఒక్కొక్క మార్కు కలిపితే, అది వరుసగా 42, 109, 144, 224, 280 అవుతుంది. దానిని అయిదుతో భాగిస్తే సగటు 56.

ఇప్పుడు తప్పులు ఎట్లు పుట్టునో గమనింపుడు. తక్కువ అనే గుర్తుకు బదులు తక్కువ లేక సమానం అనే గుర్తు పెట్టితే, లూప్ అయిదవ సంఖ్య గల గడికి కూడ పోతుంది. అట్టి గడి అర్రేలో లేదు. నిర్వచనం లేని ఆ విలువను 280కి కలుపగా మొత్తమే సంఖ్య కాకుండా పోతుంది. ఐకి ఒకటి చేర్చడం మరచితే లూప్ సున్నవ గడి వద్దనే తిరుగుతూ ఉంటుంది. వెబ్ పుట స్తంభించిపోతుంది. ఫర్-ఇన్ అనే రూపాన్ని ఇక్కడ వాడితే మార్కులకు బదులు గడుల సంఖ్యలు, అవి కూడ అక్షరాల రూపంలో, చేతికి వస్తాయి. అప్పుడు మొత్తం 280కి బదులు 001234 అనే అక్షరమాల తయారవుతుంది. ఫర్-ఆఫ్ అనే రూపం మార్కులనే నేరుగా అందిస్తుంది. ఫర్-ఈచ్ అనే పద్ధతి ప్రతి మార్కుకు మనం చెప్పిన పని చేయిస్తుంది కాని నడుమ ఆపుటకు వీలీయదు. ఫలితాల పుటలో ప్రతి విద్యార్థికి ఒక పంక్తి చూపించడమైనా, దుకాణపు పుటలో వస్తువుల జాబితా వేయడమైనా జరిగే పని ఇదే.

ఆడా పట్టికలో కూడ ఒక తప్పు దొర్లింది. నాలుగవ క్రియలో నాలుగవ స్తంభాన్ని అయిదవ స్తంభంతో భాగింపవలసియుండగా, అచ్చులో అది తలక్రిందులై అయిదును నాలుగుతో భాగించినట్లున్నది. ఎదుటి గడిలో చూపిన ఫలితం మాత్రం సరియైనదే. యంత్రం లేదు కనుక నడిపి చూచే వీలు ఆనాడు లేదు. తరువాతివారు ఒక్కొక్క క్రియను చేతితో అనుసరించి ఈ పొరపాటును గుర్తించారు. పట్టికలో ప్రతి అడుగున ప్రతి స్తంభం విలువను ఆమె వ్రాసిపెట్టియుండడం వల్లనే తప్పు దొరికింది. దాచుకొనక పరచిన లెక్కకు ఉండే గొప్పతనం ఇది.

ఈ పట్టికలో ఆమె పాలు ఎంత అన్న విషయమై పండితులలో వాదం కలదు. అంతకు కొన్నేండ్ల ముందే బాబేజి తన యంత్రానికి ఇట్టి క్రియాపట్టికలు కొన్ని వ్రాసుకొన్నాడు. అవి అచ్చు కాలేదు. బెర్నూలీ సంఖ్యల బీజగణితం తానే సమకూర్చినానని, అందులో తాను చేసిన పెద్ద పొరపాటును ఆమె పట్టి తిప్పి పంపినదని ఆయనే 1864లో వెలువడిన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. మొదటి ప్రోగ్రాము ఎవరిదన్న తగవు తీర్చడం మా ఉద్దేశం కాదు. యంత్రాన్ని ఊహించిన ఘనత బాబేజిది. ఆ యంత్రంలో ఆవృత్తికి గల అర్థాన్ని, లోకం చదువుకొనదగిన రీతిలో అచ్చులో పెట్టిన ఘనత ఆడాది. ఒకరికి న్యాయం చేయుటకు మరొకరిని తగ్గింపనక్కర లేదు. అల్గారిథమ్ అనే మాటయే తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో గణితకృషి చేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టినదని స్మరిస్తే, విద్య చేతులు మారుతూ వచ్చే ఉమ్మడి సొత్తని తెలుస్తుంది.

ఆడా చూపు అంకెలకే పరిమితం కాలేదు. స్వరాల మధ్య సంబంధాలను నియమాలుగా చెప్పగలిగితే ఈ యంత్రం సంగీతాన్ని కూడ కూర్చగలదని ఆమె ఊహించింది. అదే సమయంలో, యంత్రం స్వయంగా దేనినీ పుట్టింపదని, మనం ఆజ్ఞాపింప నేర్చినదానిని మాత్రమే చేయగలదని హెచ్చరించింది. ఈ రెండవ మాటను ఆలన్ ట్యూరింగ్ 1950లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో ఆమె పేరిటనే ఎత్తుకొని చర్చించాడు. నూరేండ్లకు పైబడిన తరువాత ఆమె వాక్యానికి జవాబు చెప్పవలసి వచ్చినదంటే, ఆ ఆలోచన ఎంతటి బలమైనదో గ్రహింపవచ్చును.

ఆమె చివరి సంవత్సరాలు సుఖంగా గడువలేదు. డిఫరెన్స్ ఇంజన్‌పై 17,000 పౌండ్లకు పైగా వెచ్చించిన ప్రభుత్వం 1842లో చేయి విడిచింది. అనలిటికల్ ఇంజన్‌కు ధనం సమకూడనే లేదు. ఆడా గుఱ్ఱపుపందెములలో పడి చాల సొమ్ము పోగొట్టుకొన్నది. అంతలో గర్భాశయపు క్యాన్సర్ ఆమెను కబళించింది. 1852 నవంబరు 27న, ముప్పదియారవ ఏట, ఆమె కన్నుమూసింది. తండ్రి బైరన్ మరణించినదీ ఆ వయస్సుననే. ఆమె కోరిక ప్రకారం నాటింగ్‌హామ్‌షైర్‌లోని హక్‌నాల్ గ్రామపు చర్చిలో, జీవితంలో ఎన్నడూ తెలిసి చూడని తండ్రి ప్రక్కనే ఆమెను సమాధి చేశారు. బాబేజి 1871 వరకు జీవించినా ఆయన యంత్రం పూర్తికాలేదు.

దాదాపు నూరేండ్లు లోకం ఆమెను అంతగా తలచుకొనలేదు. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు వచ్చిన పిమ్మట, 1953లో బౌడెన్ సంపాదకత్వాన వెలువడిన గ్రంథంలో ఆమె వివరణలు పునర్ముద్రణ పొందినాయి. అమెరికా రక్షణశాఖ తయారు చేయించిన ప్రోగ్రామింగ్ భాషకు ఆడా అని పేరు పెట్టి, దాని ప్రమాణపత్రానికి ఆమె జన్మ సంవత్సరమైన 1815 సంఖ్యనే ఇచ్చి, 1980 డిసెంబరు 10న ఆమె జయంతినాడే ఆమోదించారు. 1991లో లండన్ సైన్స్ మ్యూజియం బాబేజి రెండవ డిఫరెన్స్ ఇంజన్ గణనభాగాన్ని ఆయన పటాల ప్రకారం నిర్మింపగా అది సరిగా పనిచేసింది. 1995లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టును రూపొందించాడు. 2009 నాటి ప్రమాణంలో ఫర్-ఈచ్, 2015 నాటి ప్రమాణంలో ఫర్-ఆఫ్ చేరినాయి. రూపాలు పెరిగినవి, మూడు ప్రశ్నలు మాత్రం అవే.

విద్యార్థినీ విద్యార్థులారా! ఆడా వద్ద కంప్యూటర్ లేదు. ఆమె వద్ద ఉన్నవి కలం, కాగితం, ఓర్పు. విశ్వవిద్యాలయపు తలుపులు మూసియున్న కాలంలో, అనారోగ్యంతో పోరాడుతూ, లేని యంత్రాన్ని మనస్సులో నడిపించి ప్రతి స్తంభం విలువను అడుగడుగునా వ్రాసింది. యంత్రం ముందు కూర్చొను అవకాశం కొద్దిసేపే దొరికే విద్యార్థికి ఇంతకంటె ధైర్యమిచ్చే దృష్టాంతం మాకు తోచదు. లూప్ అర్థం కాని రోజున ఒక తెల్లకాగితం తీసికొని నిలువుగీతలు గీయుడు. ఒక వరుసలో ఐ విలువ, రెండవ వరుసలో గడిలోని విలువ, మూడవ వరుసలో మొత్తం వ్రాయుడు. ఒక్కొక్క మెట్టు మీరే దిగి చూడుడు. ఎక్కడ మొదలైనది, ఏది మారినది, ఎక్కడ ఆగినది మీ వ్రేళ్ళ క్రిందనే తేటపడుతుంది. అట్లు చేసిన విద్యార్థిని గుర్తు మారితే కలవరపడదు; విద్యార్థి భాష మారినా వెనుదీయడు. చెప్పగలిగినదంతా యంత్రం చేస్తుంది. చెప్పగలుగునంత స్పష్టంగా ఆలోచించడం మన వంతు.